జర్నలిజం చదువు ఎక్కడ: యూనివర్సిటీలోనా, పత్రిక స్కూల్లోనా, నేరుగా మండలంలోనా?

డిగ్రీ చేతికొచ్చాక జర్నలిజంలోకి రావాలనుకునే వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లలు మొదట అడిగేది ‘ఏ కాలేజీ మంచిది?’ అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. చదువైపోయాక మొదటి ఏడాది మీరు ఏ పనిలో ఉండాలనుకుంటున్నారు? సాయంత్రం డ్యూటీ ఎక్కి అర్ధరాత్రి దాకా జిల్లా పేజీలు దిద్దే సబ్ ఎడిటర్ పనా? కెమెరా ముందు నిలబడి లైవ్ ఇచ్చే పనా? తహసీల్ ఆఫీసు, పోలీస్ స్టేషన్, మార్కెట్ యార్డు చుట్టూ తిరిగే విలేకరి పనా? సర్కారు కొలువా? కాలేజీలో పాఠం చెప్పే పనా? వీటన్నిటికీ ఒకే చదువు సరిపోదు. ఒకరికి అన్నం పెట్టిన కోర్సు ఇంకొకరికి రెండేళ్లు వృథా చేసేది ఇందుకే.

ఉత్తర తెలంగాణ నుంచి చూస్తే దారులు ముఖ్యంగా నాలుగు. యూనివర్సిటీలో ఎంసీజే (మాస్టర్ ఆఫ్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం) లేదా ఎంఏ జర్నలిజం చేయడం ఒకటి. పత్రికలు సొంతంగా నడిపే స్కూళ్లలో చేరడం రెండోది. ఇంగ్లిష్‌లో నేర్పే పెద్ద సంస్థలు మూడోది. ఊళ్లోనే విలేకరిగా చేరి, పక్కన దూరవిద్యలో పట్టా తెచ్చుకోవడం నాలుగోది. వీటిని పోల్చడానికి ఫీజు, పేరు, బిల్డింగు కంటే నమ్మదగిన కొలత ఒకటుంది: ఏడాదిలో మీరు రాసిన కాపీల్లో, అంటే రాసిచ్చిన వార్తల్లో, ఎన్ని ఎర్ర గీతలతో దిద్ది మళ్లీ మీ చేతికి వస్తాయి? వారానికి 3 కాపీలు దిద్దే చోట 40 వారాల్లో 120 అవుతాయి. సెమిస్టర్‌కు 2 అసైన్‌మెంట్లతో సరిపెట్టే చోట 4 సెమిస్టర్లకు కలిపి 8. ఈ పని వింటే రాదు, రాసి దిద్దించుకుంటేనే వస్తుంది. కాబట్టి ఆ 120కీ 8కీ మధ్య ఉన్న తేడాయే మీ మొదటి ఉద్యోగంలో కనిపించే తేడా.

దిద్దడమంటే ఏమిటో ఒక కాపీ దగ్గర పెట్టుకుని చూద్దాం

కొత్తగా చేరిన విద్యార్థి ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లొచ్చి సాధారణంగా ఇలా రాస్తారు:

‘ఎనుమాముల మార్కెట్‌కు మంగళవారం రైతులచే భారీగా మిర్చి తీసుకురాబడింది. ధరలు ఒక్కసారిగా పడిపోవడంతో రైతులు కన్నీరుమున్నీరయ్యారు. గిట్టుబాటు ధర కల్పించాలని డిమాండ్ చేశారు. అధికారులు వెంటనే స్పందించాలని కోరారు.’

అచ్చు తప్పులేమీ లేవు. పది మంది టీచర్లలో ఆరుగురు దీనికి మంచి మార్కులే వేస్తారు. డెస్కులో, అంటే వార్తలు దిద్ది పేజీలు పెట్టే విభాగంలో, అనుభవమున్న మనిషి చేతికిస్తే మాత్రం మొదటి వాక్యంలోనే పెన్ను ఆగుతుంది. ‘రైతులచే తీసుకురాబడింది’ తెలుగు కాదు, ‘రైతులు తెచ్చారు’ అంటే చాలు. భారీగా అంటే ఎన్ని బస్తాలు? ఆ లెక్క మార్కెట్ కార్యాలయంలో రోజూ ఉంటుంది, అడిగారా? ఏ మిర్చి? తేజ ధర వేరు, వండర్ హాట్ ధర వేరు, చపాటా ధర వేరు. మేలు రకం ధరా, తాలు ధరా? ‘పడిపోవడం’ అంటే ఎంత నుంచి ఎంతకు? సోమవారం క్వింటా 14,000 పలికింది మంగళవారం 12,500 అయిందనుకుంటే తగ్గింది 1,500, అంటే సుమారు 10.7 శాతం. ఆ అంకె ఇంట్రోలో ఉండాలి.

అసలు చిక్కు దాని తర్వాత వస్తుంది. మీరు రాసుకొచ్చింది జెండా పాట ధర అయితే, అది పొద్దున్నే మేలైన లాటుకు పలికిన రేటు మాత్రమే. యార్డులో మిగతా బస్తాల్లో ఎక్కువ భాగం అంతకంటే తక్కువకే పోతాయి. జెండా పాటనే ‘నేటి ధర’ అని వేస్తే, మర్నాడు పేపర్ చూసి బస్తాలు ఎత్తుకొచ్చిన రైతు మోసపోతాడు. కనీస ధర, గరిష్ఠ ధర, ఎక్కువ లాట్లు పోయిన ధర అనే మూడూ తెచ్చుకోవాలి. కనీసం ఇద్దరు రైతుల తక్‌పట్టీలు (అమ్మకం చీటీలు) కళ్లతో చూడాలి. అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) ఏమన్నాడు, ఖరీదుదారు ఏమన్నాడు, మార్కెట్ కార్యదర్శి ఏమన్నారు అనేవి విడివిడిగా రావాలి. ‘కన్నీరుమున్నీరు’ కొట్టేయాలి. నిజంగా ఒక రైతు ఏడిస్తే, ఎవరు, ఏ ఊరు, ఎన్ని బస్తాలు తెచ్చారు, పెట్టుబడి ఎంత పెట్టారు అని రాస్తే చదివేవాళ్లకు తెలుస్తుంది.

నాలుగు వాక్యాలకు ఇన్ని ప్రశ్నలు. వీటిని మొదటి నెలలోనే మీ కాపీ మీద ఎర్రగా రాసిచ్చే మనిషి ఉన్న చోటే చేరండి. ఆ మనిషి యూనివర్సిటీలో ఉండవచ్చు, పత్రిక స్కూల్లో ఉండవచ్చు, జిల్లా డెస్కులో ఉండవచ్చు.

యూనివర్సిటీ దారి

హనుమకొండలో కాకతీయ విశ్వవిద్యాలయం, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లో ఉస్మానియా. మన ప్రాంతం వాళ్లు ముందు చూసేవి ఇవే. ఉస్మానియా జర్నలిజం విభాగం 1954 నాటిది, దక్షిణాదిలో పాతవాటిలో ఒకటి. పీజీ సీట్లు సీపీగెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా భర్తీ అవుతాయి. 100 ప్రశ్నలు, 100 మార్కులు, 90 నిమిషాలు. డిగ్రీలో ఏ గ్రూపు చదివినా రాయొచ్చు. కోర్సు 2 ఏళ్లు, 4 సెమిస్టర్లు.

ఇక్కడ దొరికేది విస్తృతి. కమ్యూనికేషన్ సిద్ధాంతాలు, పత్రికల చరిత్ర, చట్టాలు, రిపోర్టింగ్, ఎడిటింగ్, రేడియో, టీవీ, ప్రకటనలు, పౌర సంబంధాలు, పరిశోధన పద్ధతులు, చివర్లో ప్రాజెక్టు. మన తెలుగు పత్రికల చరిత్ర కూడా సరిగా చెప్పే చోటు ఇదే. 1922లో ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని ఇనుగుర్తి అనే పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు’ పత్రిక నడిపారు. నిజాం కాలంలో, ఒక పల్లెలో అచ్చుయంత్రం పెట్టుకుని. ఈ గడ్డ మీద ఈ పనిలోకి దిగేవాళ్లు ఆ సంగతి తెలుసుకుని దిగడం మంచిది.

పట్టా విలువ మూడు చోట్ల గట్టిగా పనిచేస్తుంది. మొదటిది యూజీసీ నెట్, అంటే లెక్చరర్ల అర్హత పరీక్ష. మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం సబ్జెక్టు కోడ్ 63, పీజీ అర్హతతో రాయాలంటే అందులో జనరల్ వాళ్లకు 55 శాతం, రిజర్వుడు వర్గాలకు 50 శాతం కావాలి. రెండోది సర్కారు కొలువులు. యూపీఎస్సీ భర్తీ చేసే ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ సీనియర్ గ్రేడ్ పోస్టులకు డిగ్రీతో పాటు జర్నలిజం అర్హత కావాలి. జిల్లా పౌర సంబంధాల అధికారి తరహా పోస్టుల నోటిఫికేషన్లలోనూ జర్నలిజం పట్టా అడగడం మామూలే. మూడోది పీహెచ్‌డీ. ఈ మూడింట్లో ఏ ఒక్కటి మీ మనసులో ఉన్నా ఎంసీజే వదులుకోవద్దు. పత్రిక స్కూలు డిప్లొమా ఈ మూడు చోట్లా దానికి బదులు కాదు.

డబ్బు సంగతి. రెగ్యులర్ సీటు వస్తే అర్హులకు సర్కారు ఈపాస్ వెబ్‌సైట్ ద్వారా ఫీజు రీయింబర్స్‌మెంట్, స్కాలర్‌షిప్ ఉంటాయి. హాజరు 75 శాతానికి తగ్గకూడదు. సర్కారు నుంచి సొమ్ము ఆలస్యమైనప్పుడు కొన్ని కాలేజీలు టీసీ, మెమోలు ఇచ్చేటప్పుడు ఫీజు మీరే కట్టమంటాయి. ఉద్యోగంలో చేరే వారంలో ఈ తలనొప్పి రాకుండా కొంత డబ్బు పక్కన పెట్టుకోండి.

లోపం ఎక్కడంటే, సిలబస్‌లో కాదు, యంత్రాలూ మనుషులూ చాలకపోవడంలో. ఒక కెమెరా, 30 మంది విద్యార్థులు, వారానికి 2 గంటల ప్రాక్టికల్, 16 వారాలు అనుకోండి. మొత్తం 32 గంటలు. మనిషికి సెమిస్టర్ మొత్తం మీద గంట. గంటలో కెమెరా పట్టుకోవడం వస్తుంది గానీ కథ తీయడం రాదు. పాఠాలు చెప్పేవాళ్లలో పార్ట్‌టైమ్ వాళ్లు ఎక్కువగా ఉంటే కాపీలు దిద్దే తీరిక వాళ్లకు ఉండదు, వాళ్లకొచ్చే డబ్బులు తరగతి గంటల లెక్కన కాబట్టి. ఇది వాళ్ల తప్పు కాదు, కానీ నష్టపోయేది మీరు.

వరంగల్‌లో చదివితే ఒక లాభం మాత్రం హైదరాబాద్‌లో లేదు. నేర్చుకోవడానికి కావాల్సిన బీట్లన్నీ (వార్తల కోసం రోజూ తిరిగే చోట్లు) బస్సు దూరంలో ఉంటాయి. ఎంజీఎం దవాఖాన, ఎనుమాముల యార్డు, కాజీపేట రైల్వే, భూపాలపల్లి సింగరేణి గనులు, రామప్ప, ఏటూరునాగారం అడవి. రెండేళ్లకోసారి మేడారం జాతర. రెండేళ్ల కోర్సులో ఒక జాతర కచ్చితంగా మీ చేతికొస్తుంది. అక్కడ వారం రోజులు పనిచేసినవాళ్లకు క్లాసులో చెప్పలేని రెండు పాఠాలు వస్తాయి. జనం పెరిగేకొద్దీ నెట్ పడిపోతుంది కాబట్టి వీడియో కంటే ముందు నాలుగు వాక్యాల మెసేజ్ పంపడం అలవాటు చేసుకోవాలి. ‘కోటి మంది వచ్చారు’ అని మీరు రాయకూడదు, లెక్క ఎవరిదో చెప్పి ‘అధికారుల అంచనా’ అని రాయాలి. కోయ, లంబాడీ, గోండీ భాషల్లో ఏదైనా మాట్లాడగలిగితే మీ ఇంటర్వ్యూలు మిగతావాళ్ల ఇంటర్వ్యూల్లా ఉండవు. ఇంట్లో ఆ భాష ఉన్న పిల్లలు దాన్ని దాచుకోవద్దు, బయోడేటాలో మొదటి వరసలో రాయండి.

పత్రిక స్కూళ్ల దారి

ఈనాడు జర్నలిజం స్కూలు అందరికీ తెలిసినదే. మిగతా పత్రికలు, చానళ్లు కూడా అవసరం పడినప్పుడు ట్రైనీలను తీసుకుని నేర్పుతుంటాయి. పద్ధతి దాదాపు ఒకటే: నోటిఫికేషన్, రాతపరీక్ష, ఇంటర్వ్యూ, ఏడాది అటూఇటూ శిక్షణ, శిక్షణలో స్టైపెండ్, ఆ తర్వాత అదే సంస్థలో ఉద్యోగం. పరీక్షలో తెలుగు, ఇంగ్లిష్, అనువాదం, వర్తమాన వ్యవహారాలు ఉంటాయి.

దిద్దిన కాపీల కొలతలో ఈ దారిదే పైచేయి. పాఠం చెప్పేవాళ్లు డెస్కులో ఏళ్లు గడిపినవాళ్లు. మీరు రాసింది రేపు వాళ్ల పత్రికలోనే రావాలి కాబట్టి దిద్దక తప్పదు. వ్యాకరణం, హెడ్డింగు, కుదించడం, పేజీ పెట్టడం గట్టిగా వస్తాయి. 200 మాటల ప్రెస్‌మీట్‌ను 60 మాటల్లోకి తేవడం, సింగిల్ కాలమ్‌కు మూడు మాటల హెడ్డింగు పెట్టడం రోజువారీ పని. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోలేని పిల్లలకు స్టైపెండ్ చిన్న విషయం కాదు.

ఇచ్చిపుచ్చుకోవడంలో రెండోవైపు కూడా చూడాలి. ఒకే సంస్థ శైలి, ఒకే సంస్థ చూపు అలవాటవుతాయి. ఏది వార్త, ఏది కాదు అనే తీర్పు కూడా ఆ సంస్థదే అవుతుంది. మీడియా చట్టం, పరిశోధన, ప్రపంచ పత్రికల చరిత్ర లాంటివి పైపైనే పోతాయి. ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టే ముందు నాలుగు సంగతులు చదివి తీరాలి: శిక్షణ తర్వాత ఎన్నేళ్లు పనిచేయాలి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టాలా, పోస్టింగు ఎక్కడ వేస్తారో ముందే చెబుతారా. నోటితో చెప్పినవి లెక్కలోకి రావు. కాగితం ఇంటికి తెచ్చుకుని ఒక రాత్రి కూర్చుని చదవండి, ఆ గడువు అడగడం తప్పేమీ కాదు.

చాలామంది ఎక్కడ దెబ్బతింటారంటే, రిపోర్టర్ అవుతామనుకుని చేరి డెస్కులో పడినప్పుడు. తెలుగు పత్రికలకు ఎక్కువగా కావాల్సింది సబ్ ఎడిటర్లే. సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేదాకా మండలాల నుంచి వచ్చే వార్తలు దిద్దడం, దూరపు మండలాలకు వెళ్లే ప్రతులు ముందు అచ్చవ్వాలి కాబట్టి ఆ పేజీలు ముందే వదలడం, పండగ రోజు కూడా డ్యూటీ. ఇది తక్కువ పని కాదు. భాష మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి బడి ఉండదు. జనంలో తిరగకపోతే ఊపిరాడని మనిషి మాత్రం ఆరు నెలల్లో మానేస్తారు. ఇంటర్వ్యూలోనే అడగండి: పోయిన బ్యాచ్‌లో ఎంతమంది డెస్కుకు, ఎంతమంది ఫీల్డుకు వెళ్లారు?

ఇంగ్లిష్ దారి

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ ఎంఏ కమ్యూనికేషన్‌కు సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. చెన్నైలో ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం ఏడాది పీజీ డిప్లొమా ఇస్తుంది, ఫీజు ఎక్కువ, అవసరమున్నవాళ్లకు స్కాలర్‌షిప్ ఉంటుంది. ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్)లో మలయాళం, మరాఠీ, ఒడియా, ఉర్దూ జర్నలిజాలు ఉన్నాయి గానీ తెలుగు లేదు. కాబట్టి తెలుగు మీడియాలోనే ఉండాలనుకునేవాళ్లకు అది చుట్టుదారి. ఇంగ్లిష్‌లో 500 మాటల వార్త గంటన్నరలో తప్పుల్లేకుండా రాయగలిగితేనే ఇటు రండి. సెంట్రల్ యూనివర్సిటీ ఫీజు తక్కువ, లైబ్రరీ పెద్దది, పరిశోధన మీద మనసున్నవాళ్లకు ఇదే మేలు.

ఊళ్లోనే విలేకరిగా చేరి, పట్టా దూరవిద్యలో

ఇగ్నోలో జర్నలిజం పీజీ డిప్లొమా, ఎంఏ రెండూ ఉన్నాయి. పుస్తకాలు ఇంటికొస్తాయి, అసైన్‌మెంట్లు రాయాలి, పరీక్ష రాయాలి. థియరీకి ఆ పుస్తకాలు బాగానే పనికొస్తాయి. కాపీ దిద్దేవాళ్లు మాత్రం ఉండరు. పని మీరే వెతుక్కోవాలి, అంటే మండల విలేకరిగా చేరాలి.

ఈ దారి గురించి ఏ క్లాసులోనూ చెప్పని సంగతి ఇక్కడ విడమరిచి చెప్పాలి. మండల విలేకరుల్లో ఎక్కువమంది ఉద్యోగులు కారు, కంట్రిబ్యూటర్లు. జీతం ఉండదు, అచ్చయిన వార్తల లెక్కన లైన్ అకౌంటో, చిన్న గౌరవ వేతనమో వస్తుంది. బండి పెట్రోలు, ఫోన్, నెట్ చాలాచోట్ల సొంతం. దానికి తోడు యాడ్స్ టార్గెట్. జనవరి 1, జనవరి 26, జూన్ 2, ఆగస్టు 15, దసరా, పత్రిక వార్షికోత్సవం వచ్చాయంటే ప్రకటనలు తేవాలి. ప్రకటన ఇచ్చేది ఎవరు? సర్పంచి, కాంట్రాక్టరు, ప్రైవేటు స్కూలు యజమాని, రైస్ మిల్లు యజమాని, నాయకుడు. మీరు ప్రశ్నించాల్సింది కూడా వాళ్లనే. పోయిన నెల వాళ్ల దగ్గర ప్రకటన తీసుకున్న చెయ్యి ఈ నెల వాళ్ల గురించి రాయడానికి వెనుకాడుతుంది. డబ్బుకు వార్తలమ్మే జబ్బు మీద ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం 2010లో నివేదిక ఇచ్చింది. అది తయారుచేసిన ఇద్దరిలో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె.శ్రీనివాస్‌రెడ్డి. సమస్య పాతదే, దాని బరువు మాత్రం అందరికంటే తక్కువ సంపాదించే మండల విలేకరి నెత్తినే పడుతోంది.

అయినా ఈ దారి వద్దనలేం. ఉత్తర తెలంగాణలో మంచి స్టాఫ్ రిపోర్టర్లు చాలామంది ఇలా మొదలైనవాళ్లే. వచ్చేటట్టయితే మూడు జాగ్రత్తలతో రండి. ఇంకో ఆదాయం ఉండాలి: ట్యూషనో, దుకాణమో, వ్యవసాయమో. ప్రకటనల టార్గెట్ ఎంతో, అందుకోకపోతే ఏం చేస్తారో చేరేముందే పత్రిక జిల్లా ఆఫీసు (బ్యూరో)లో స్పష్టంగా అడగాలి. మీరు పంపింది, పేపర్లో వచ్చింది రోజూ పక్కపక్కన పెట్టుకుని డెస్కు ఏం మార్చిందో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. మీకు దిద్దిన కాపీ అదే. మీడియా అకాడమీ జిల్లాల్లో పెట్టే శిక్షణ తరగతులకు కూడా తప్పకుండా వెళ్లండి.

సొంత యూట్యూబ్ చానల్ సంగతి కూడా అడుగుతుంటారు. పని నేర్చుకున్నాక పెట్టడం వేరు, నేర్చుకోవడానికి పెట్టడం వేరు. రెండోది ప్రమాదం, ఎందుకంటే తప్పు రాస్తే ఆపే డెస్కు ఉండదు, కేసు పడితే వెనక నిలబడే సంస్థ ఉండదు.

చేరేముందు ఒక పూట క్యాంపస్‌లో గడపండి

అడ్మిషన్ల వేళ వెబ్‌సైట్ చూసి తేల్చుకోవద్దు. మామూలు పనిదినాన మధ్యాహ్నం వెళ్లండి. ల్యాబ్ జర్నల్ అడగండి. విద్యార్థులు తెచ్చే ఆ చిన్న పత్రిక చివరి మూడు సంచికలు చూపించమనండి, వాటి తేదీలు చూడండి. మూడూ మూడు నెలల్లో వస్తే బండి నడుస్తున్నట్టు. మూడేళ్లలో వస్తే అది తనిఖీల కోసం వేసింది.

రెండో ఏడాది విద్యార్థిని పట్టుకుని దిద్దిన కాపీ ఒకటి చూపమనండి. ‘సార్ బాగుందన్నారు’ అనే జవాబు దిద్దడం కాదు.

చట్టం పాఠం ఎంత తాజాగా ఉందో ఒక్క ప్రశ్నతో తేలుతుంది. పరువునష్టం ఇప్పుడు ఏ సెక్షన్? ఐపీసీ 499, 500 అని చెబితే ఆ నోట్స్ పాతవి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది, అందులో అది 356. ఎఫ్‌ఐఆర్ నమోదు పాత సీఆర్‌పీసీ 154 కాదు, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173.

పూర్వ విద్యార్థుల గురించి అడిగేటప్పుడు ‘ప్లేస్‌మెంట్ ఎంత శాతం’ అని అడగొద్దు, ఆ అంకెను ఎలాగైనా చెప్పొచ్చు. మూడేళ్ల కిందటి బ్యాచ్‌లో ఐదుగురు ఇప్పుడు ఎక్కడున్నారని అడగండి. మొదటి ఉద్యోగం చాలామందికి దొరుకుతుంది. మూడేళ్ల తర్వాత కూడా ఈ పనిలోనే ఉన్నారా అన్నది అసలు లెక్క.

ఏ కోర్సూ పూర్తిగా నేర్పనివి

టైపింగ్‌తో మొదలుపెట్టండి. పత్రికల్లో కొన్నిచోట్ల ఇంకా అను అనే పాత తెలుగు ఫాంట్లు, వెబ్‌లో ఏ ఫోన్‌లోనైనా కనిపించే యూనికోడ్. అనులో కొట్టిన మ్యాటర్ వెబ్‌సైట్‌లో పెడితే పిచ్చి అక్షరాలు వస్తాయి, కన్వర్టర్‌లో వేస్తే ఒత్తులు ఎగిరిపోతాయి. తెలుగు టైపింగ్‌లో యాపిల్, ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలు రెండింట్లో ఒకటి చేతికి ఎక్కించుకోండి. మాట చెబితే టైపయ్యే యాప్ మీద ఆధారపడితే ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు తప్పు పడతాయి, ళ-ల, ణ-న తేడా పోతుంది. ఇంటర్వ్యూ రోజు కీబోర్డు ముందు కూర్చోబెడితే దొరికిపోయేది ఇక్కడే.

భూమి మాటలు రావాలి. మన జిల్లాల్లో సగం తగాదాలు భూమివే. పహాణీ (సాగు రికార్డు), ఫౌతీ, విరాసత్ (వారసులకు భూమి మార్పిడి), సాదాబైనామా (తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోలు) అంటే ఏమిటో, 40 గుంటలు ఎకరమని, 2020లో ధరణి పోర్టల్ ఏం మార్చిందో, 2025లో భూ భారతి చట్టం దేన్ని సరిచేయాలనుకుందో తెలియకుండా ప్రజావాణికి వెళ్తే సగం దరఖాస్తులు అర్థం కావు. నీళ్ల లెక్క కూడా అంతే. రోజుకు ఒక టీఎంసీ ఎత్తాలంటే రోజంతా సుమారు 11,574 క్యూసెక్కులు పారాలి. శ్రీరాంసాగర్ పూర్తి నీటిమట్టం 1,091 అడుగులు. ఈ రెండు అంకెలు నోట్‌బుక్ అట్ట మీద రాసుకుంటే వానాకాలంలో చాలా తప్పులు తప్పుతాయి.

సమాచార హక్కు దరఖాస్తు చదువుతున్నప్పుడే ఒకటి వేయండి. ఊరి స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబు 30 రోజుల్లో రావాలి, రాకపోతే మొదటి అప్పీలుకు ఇంకో 30 రోజులుంటాయి. ‘మా మండలంలో రోడ్ల వివరాలు ఇవ్వండి’ అంటే ఏమీ రాదు. ఫలానా రోడ్డు, ఫలానా ఏడాది, ఎంబీ రికార్డు (పని కొలతల పుస్తకం), బిల్లు నకలు అని అడగాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది బాధితుల గుర్తింపు బయటపెట్టడం. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం పిల్లల పేరు, చిరునామా, ఫొటో, కుటుంబం, బడి, గుర్తుపట్టడానికి వీలయ్యే ఏ వివరమూ రాయకూడదు. లైంగిక దాడి బాధితుల విషయంలో న్యాయ సంహిత 72వ సెక్షన్ కూడా పేరు, గుర్తింపు బయటపెట్టవద్దంటుంది. కొత్తవాళ్లు పేరు తీసేసి ఊరి పేరు, తండ్రి చేసే పని, చదివే తరగతి రాసేస్తారు. అయిదు వందల గడపల పల్లెలో ఆ మూడు చాలు. పేరు రాయకపోయినా ఆ పిల్లను ఊరంతా గుర్తుపడుతుంది, చట్టం దాన్నీ నేరమే అంటుంది. ఈ ఒక్క పాఠం ఏ కాలేజీలోనైనా మొదటి వారంలోనే చెప్పాలి.

మరి మీకు ఏది?

ఇంట్లో వెంటనే డబ్బు కావాలి, తెలుగు మీద పట్టుంది, రాత్రి డ్యూటీకి సిద్ధం అంటే పత్రిక స్కూలు పరీక్ష రాయండి. రాకపోతే ఎంసీజేలో చేరి మళ్లీ రాయండి. నెట్, లెక్చరర్, సర్కారు కొలువు లక్ష్యమైతే ఎంసీజే. దగ్గర్లో కాకతీయ, డిచ్‌పల్లి ఉంటే ఇంటి నుంచే వెళ్లిరావచ్చు గానీ, మొదటి ఏడాది వేసవిలోనే ఏదైనా జిల్లా డెస్కులో ఇంటర్న్‌షిప్ పట్టుకోండి, చివరి సెమిస్టర్ దాకా ఆగొద్దు. ఇంటర్న్‌షిప్‌లో ఫొటోలు మోయించి సర్టిఫికెట్ ఇచ్చే చోటు కంటే, రోజుకు మూడు చిన్న వార్తలు రాయించి తిట్టే చోటు మంచిది. ఇల్లు వదల్లేని ఆడపిల్లలకు, పెళ్లయినవాళ్లకు ఇంకో మాట: ఆకాశవాణి జిల్లాల్లో పార్ట్‌టైమ్ కరస్పాండెంట్లను పెట్టుకుంటుంది, వాళ్ల ప్రకటనల మీద ఓ కన్నేసి ఉంచండి. ఇప్పటికే విలేకరిగా ఉండి పట్టా లేనివాళ్లకు దూరవిద్యే సరైనది, రెండేళ్లు పని మానేసి క్లాసులో కూర్చోవాల్సిన పనిలేదు.

ప్రవేశ పరీక్షకు మూడు నెలల సమయముంటే జీకే బిట్లు బట్టీ పట్టడం కంటే అనువాదానికి రోజూ గంట ఇవ్వండి. సాయంత్రం ఇంగ్లిష్ వార్త ఒకటి తీసుకుని 150 మాటల్లో తెలుగు చేయండి. ‘టేబుల్ ద బిల్’ అని ఉంటే బిల్లును బల్ల మీద పెట్టొద్దు, సభలో ప్రవేశపెట్టండి. ‘బడెను, చేయబడెను’ అనే వాక్యం ప్రతిదాన్నీ తిరగరాయండి. మర్నాడు పొద్దున తెలుగు పేపర్లో అదే వార్త వచ్చి ఉంటుంది. రెండూ పక్కన పెట్టుకుని ఎర్ర పెన్నుతో మీది మీరే దిద్దండి, తేదీ వేసి దాచండి. ఇంటర్వ్యూకు వెళ్లే రోజు ఆ కాగితాల కట్ట వెంట తీసుకెళ్లండి. అందులో మొదటి కాగితానికీ చివరి కాగితానికీ మధ్య తేడా చూపగలిగితే, ఇంటర్వ్యూ చేసేవాళ్లు మిగతా ప్రశ్నలు వాటి నుంచే అడుగుతారు.